అంగడి నుంచి ఎన్ని కిలోమీటర్లు?

హైదరాబాద్ వదిలి ఊళ్లో ఉందామనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) నుంచి ఎంత దూరం?" ఆ ప్రశ్నను మనకు నేర్పింది రియల్ ఎస్టేట్ బ్రోచర్లు. ఎగ్జిట్ నంబరు చెప్పి, అక్కణ్నుంచి ఇరవై నిమిషాలే అంటారు. వారానికోసారి వచ్చిపోయే ఫామ్‌హౌస్‌కైతే ఆ లెక్క చాలు. గ్యాస్ కనెక్షన్, పిల్లల బడి, అమ్మానాన్నల మందుల డబ్బా అన్నీ కట్టుకుని వెళ్లి అక్కడే ఉండేవాళ్లకు మాత్రం ఆ లెక్కతో ఒరిగేదేమీ లేదు. వాళ్లకు రోజూ పని పడేది గచ్చిబౌలితో కాదు, పక్కనున్న చిన్న పట్నంతో.

అందుకే నేను చెప్పేది ఇది. ముందు ఒక చిన్న పట్నాన్ని ఎంచుకోండి. దానికి ఎనిమిది పది కిలోమీటర్ల లోపు ఒక ఊరిని ఎంచుకోండి. ఆ ఊళ్లోనో, ఊరిని ఆనుకునో ఇల్లు చూసుకోండి. భూమి సంగతి ఆ తర్వాత. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. చవగ్గా దొరికాయని నాలుగు గుంటల భూమి ముందు కొనేసి, అక్కడ ఎలా బతకాలన్నది తర్వాత ఆలోచిస్తున్నారు.

హైదరాబాద్ చుట్టూ ఇలాంటి పట్నాలకు కొదవ లేదు. బెంగళూరు దారిలో షాద్‌నగర్, బీజాపూర్ దారిలో చేవెళ్ల, ఇంకా పైకి వికారాబాద్, ముంబయి దారిలో సదాశివపేట, జహీరాబాద్, మెదక్ దారిలో నర్సాపూర్, సిద్దిపేట దారిలో గజ్వేల్, వరంగల్ దారిలో భువనగిరి, విజయవాడ దారిలో చౌటుప్పల్, శ్రీశైలం దారిలో ఆమనగల్. షాద్‌నగర్, వికారాబాద్, భువనగిరి, జహీరాబాద్‌లకు రైలు కూడా ఉంది. నెలకు రెండు మూడుసార్లు నగరానికి వెళ్లాల్సినవాళ్లకు ఇరవై కిలోమీటర్ల దూరం తగ్గడం కంటే స్టేషన్ దగ్గరుండటమే మేలు.

పట్నంలో బ్యాంకు, పెట్రోలు బంకు ఉన్నాయా అని చూసి సరిపెట్టుకోకండి, అవి ఎక్కడైనా ఉంటాయి. మోటారు వైండింగ్ షాపు ఉందా? మే నెలలో బోరు మోటారు కాలిపోతే ఇంట్లో చుక్క నీళ్లుండవు. రెండు మూడు వందల అడుగుల లోతు నుంచి పైపుతో సహా మోటారును పైకి లాగే మనుషులు కావాలి, వైండింగ్ కట్టేవాళ్లు కావాలి, తిరిగి దించేవాళ్లు కావాలి. ఇవన్నీ ఒకే పట్నంలో దొరికితే రెండు రోజుల్లో నీళ్లొస్తాయి. ఆ రోజుల్లో రైతుల మోటార్లు కూడా వరసకట్టి కాలుతుంటాయి కాబట్టి ముఖపరిచయం లేని షాపులో మీ మోటారు ఆఖరున ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటాక తెరిచి ఉండే మందుల దుకాణం, రక్తపరీక్షల ల్యాబు, ప్లంబింగ్ సామాను దొరికే హార్డ్‌వేర్ కొట్టు, వారానికోసారి అంగడే కాకుండా రోజూ కూరగాయలమ్మే బజారు కూడా చూసుకోండి. సాయంత్రం పట్నం నుంచి ఊరికి వచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి. మీకు కారుండవచ్చు. మీ ఇంట్లో పనికి వచ్చే మనిషికి, చదువుకునే పిల్లలకు ఆ బస్సే ఆధారం.

ఆస్పత్రి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పక్షవాతం వస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. అది కూడా సీటీ స్కాన్ తీశాకే ఇస్తారు. కాబట్టి మీరు కొలవాల్సింది పీహెచ్‌సీ దూరం కాదు, రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీసే చోటి దూరం. కొలత శనివారం సాయంత్రం ఒకసారి, రాత్రి పదకొండింటికి ఒకసారి, బండి నడిపి చూస్తేనే తెలుస్తుంది. మ్యాపు చూపించే నిమిషాలను నమ్మవద్దు. వరంగల్ దారిలో బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉండటం పెద్దవాళ్లున్న కుటుంబాలకు గట్టి ఆసరా. రెండోది పాముకాటు. మన దగ్గర మనుషుల్ని చంపేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కట్లపాము రాత్రిపూట, నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి ఊపిరి అందదు. దాని విషానికి విరుగుడు మందుతో పాటు వెంటిలేటర్ కూడా కావాలి. పట్నంలోని ఆస్పత్రికి వెళ్లి విరుగుడు మందు నిల్వ ఉందా, రాత్రి డ్యూటీలో డాక్టరుంటారా, వెంటిలేటర్ ఉందా అని మూడు ప్రశ్నలు నేరుగా అడగండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

పట్నం కుదిరాక ఊరు. ఇక్కడే చాలామందితో నాకు పేచీ. ఊరికి కిలోమీటరున్నర అవతల, పచ్చని పొలాల మధ్య ఒంటి ఇల్లు కావాలంటారు. ఫొటోలో బాగుంటుంది. మిషన్ భగీరథ నల్లా లైను ఆవాసం దాకానే వస్తుంది, పొలాల్లో కట్టుకున్న ఇంటికి రాదు. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పోతే వంద ఇళ్లవాళ్లు లైన్‌మన్‌కు ఫోన్ చేస్తారు. పొలంలో పోతే నలుగురు రైతులు చందా వేసుకుని ట్రాక్టర్‌లో దాన్ని మోసుకుపోవాలి. వ్యవసాయ కనెక్షన్‌కు కరెంటు ఉచితం కదా, ఆ లైనే ఇంటికి లాగుదామన్న ఆలోచన పెట్టుకోవద్దు. అది నిబంధనలకు విరుద్ధం, పట్టుకుంటే జరిమానా వేస్తారు. గృహ కేటగిరీ మీటరు వేరే తీసుకోవాలి, స్తంభాలు ఎన్ని పడితే అంత ఖర్చు మీదే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లైను ఎంత దూరం సాగితే వోల్టేజీ అంత పడిపోతుంది. ఉండాల్సింది 230 వోల్టులు, అటూ ఇటూ ఆరు శాతం. యాసంగిలో చుట్టూ మోటార్లు నడుస్తున్నప్పుడు ప్లగ్గులో మల్టీమీటర్ పెట్టి చూడండి. 200 కంటే కిందికి పోతుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, మళ్లీ వైండింగ్ షాపు. చెత్తబండి, వీధి దీపం, ఫైబర్ ఇంటర్నెట్ కూడా ఊరి దాకానే వస్తాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, మనుషులు ఒక ఎత్తు. పొలాల మధ్య ఇంట్లో అర్ధరాత్రి అమ్మకు ఆయాసం వస్తే తలుపు తట్టడానికి పక్కిల్లు ఉండదు. వారం రోజులు ఊరెళ్తే బోరు కేబుల్, స్టార్టర్ మిగులుతాయన్న నమ్మకం ఉండదు. రాగి తీగ కోసం కేబుళ్లు కోసుకుపోవడం రైతులకు కొత్తేమీ కాదు. ఊళ్లో ఉంటే కిరాణా కొట్టు అరుగే మీకు కాపలా.

ఊళ్లో ఉండటానికి ఇబ్బందులు లేవని కాదు. పొద్దున్నే గుడి మైకు, పెళ్లి బరాతుల డీజే, బోనాలప్పుడు రెండు మూడు రోజుల సందడి ఉంటాయి. చప్పుడు పడనివాళ్లు గుడికీ ఫంక్షన్ హాలుకూ వంద గజాలు దూరంగా చూసుకోవచ్చు. అంతకంటే బరువైన విషయం కులం. ఇల్లు అద్దెకు అడగ్గానే "మీరేమిటోళ్లు?" అన్న ప్రశ్న వస్తుంది. దళితులకు, ముస్లింలకు కొన్ని వాడల్లో ఇల్లు దొరకదు. ఇది దాచి పెట్టి పల్లె అందాల గురించి రాయడం నాకు తప్పనిపిస్తుంది. ఏ వాడలో ఎవరుంటారు, హోటల్లో అందరికీ ఒకే గ్లాసా, గుడిలోకి అందరూ వెళ్తారా అన్నది చూడండి. మీ కులం ఏదైనా సరే చూడండి. ఆ ప్రశ్నకు మీ పిల్లల ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చే ఊళ్లో మీరు ఇరవై ఏళ్లుండాలి. మండల కేంద్రాల్లో, ఉద్యోగులు అద్దెకుండే పెద్ద ఊళ్లలో ఈ పట్టు కాస్త సడలింది.

గ్రామ కంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లకు వదిలిన నేలలో, ఇల్లు కొనాలంటే కాగితాల చిక్కు కూడా ఉంది. గ్రామ కంఠానికి పొలంలాగా పాసుపుస్తకం ఉండదు. ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ ఇచ్చే యాజమాన్య ధ్రువపత్రం, పాత రిజిస్టర్డ్ దస్తావేజు ఉంటే అది, వీటి మీదే నడుస్తుంది. బ్యాంకులు వీటి మీద గృహరుణం ఇవ్వడానికి వెనకాడతాయి. చేతిలో డబ్బుండాలి, లేదా అద్దెకుండాలి.

ఇక నీళ్లు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. హైదరాబాద్ చుట్టూ చాలావరకు గ్రానైట్ బండ. పైన మట్టి, కింద మొరం, దాని కింద రాయి. నీళ్లు మొరంలోనూ రాతి పగుళ్లలోనూ ఉంటాయి. అందుకే ఇరవై అడుగుల ఎడంలో ఒక బోరు పోస్తుంది, ఇంకోటి దుమ్ము లేపుతుంది. పగుళ్లు చాలావరకు పై వంద మీటర్లలోనే ఉంటాయి. ఆరేడు వందల అడుగులు దించితే నీళ్లు తప్పకుండా పడతాయన్నది బోరు బండివాడికి లాభం తెచ్చే నమ్మకం, వాడికి అడుగు లెక్కన డబ్బు. కొబ్బరికాయ అరచేతిలో నిలబడ్డ చోటే నీళ్లున్నాయని నమ్మకండి, చుట్టుపక్కల ఉన్న పది బోర్ల చరిత్ర అడిగి తెలుసుకోండి: ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుంది, ఫెయిలైనవి ఎన్ని. ఫెయిలైన బోర్ల సంఖ్యను అమ్మేవాళ్లు చెప్పరు, పక్క చెల్క రైతు చెప్తాడు. పడమరకు పోయేకొద్దీ నేల మారుతుంది. వికారాబాద్, జహీరాబాద్ వైపు ఎర్రటి జేగురురాయి పీఠభూములు, తాండూరు వైపు నాపరాయి, నల్లరేగడి. నల్లరేగడి వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. దాని మీద మామూలు పునాది వేస్తే రెండేళ్లలో గోడలు బీటలిస్తాయి. గట్టి పొర తగిలేదాకా లోతుకు పోవాలి, లేదా అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ వేయాలి. ఇంటి ఖర్చు అంచనాలో ఆ డబ్బు ముందే కలుపుకోవాలి.

ఉన్న బోరును పరీక్షించడానికి కావాల్సింది 200 లీటర్ల డ్రమ్ము, గడియారం. రోహిణి కార్తెలో, అంటే మే ఆఖరి వారంలో, పరీక్షించాలి. అక్టోబరులో ఏ బోరైనా పోస్తుంది. మోటారు వేయగానే డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండిందో రాసుకోండి. మూడు నిమిషాలైతే గంటకు 4,000 లీటర్లు. ఆపకుండా రెండు గంటలు నడపనిచ్చి మళ్లీ డ్రమ్ము పెట్టండి. ఐదు నిమిషాలు పడితే గంటకు 2,400 లీటర్లు. ఇది పరవాలేదు. ఈలోపే ఆగాగి పోస్తుంటే, నీళ్లలో గాలి, బురద వస్తుంటే బోరు ఎల్లబోసిందన్నమాట, అంటే నీళ్లు అడుగంటాయి. అప్పుడు మోటారు ఆపి మళ్లీ నిండటానికి ఎంతసేపు పట్టిందో కూడా చూడండి.

ఇంటికి కావాల్సిన నీళ్లు నిజానికి తక్కువే. పల్లెలకు కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. మనం కాస్త ధారాళంగా వాడతాం కాబట్టి నలుగురికి 600 లీటర్లనుకుందాం. పైన చెప్పిన బోరు పావుగంట నడిస్తే చాలు. బోరును చంపేది లాన్. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, 121 చదరపు గజాలు. దాన్ని రోజూ 5 మిల్లీమీటర్ల మందాన తడపాలంటే 500 లీటర్లు కావాలి. పది గుంటల పచ్చగడ్డికి రోజుకు 5,000 లీటర్లు, అంటే ఎనిమిది కుటుంబాల నీళ్లు. చుట్టూ రైతులు బోరు కింద వరి వేస్తున్న చోట ఈ పని చేయడం అన్యాయం, వాళ్లు ఊరుకోరు కూడా. ఊరుకోకపోవడమే న్యాయం. ఇంకోవైపు వాన నీళ్లను వదిలేస్తాం. మన దగ్గర సగటున ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన. 100 చదరపు మీటర్ల డాబా మీద పడ్డదాంట్లో ఐదో వంతు పోయినా 72,000 లీటర్లు చేతికొస్తాయి. మొదటి రెండు వానలు డాబా కడిగి పోనిచ్చి, తర్వాతి నీళ్లను ఇసుక, కంకర ఫిల్టర్ గుండా ట్యాంకుకో, బోరు పక్కన ఇంకుడు గుంతకో పంపాలి.

కొత్త బోరు వేయాలంటే నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు.

నీళ్లు ఉండటం వేరు, తాగడానికి పనికిరావడం వేరు. మర్రిగూడ, మునుగోడు పేర్లు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ, గ్రానైట్ నేలల్లో ఎక్కడైనా అది ఉండొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సహించవచ్చు. మరగబెడితే పోతుందనుకుంటారు. పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం తీసేస్తుంది, కానీ సగానికి పైగా నీళ్లను పారబోస్తుంది. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. చంటిబిడ్డలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మేలు, 2,000 దాటితే వద్దే వద్దు. శాంపిల్ తీసే ముందు మోటారును పది నిమిషాలు నడపాలి. రసాయన పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. సూక్ష్మజీవుల పరీక్షకు ల్యాబువాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఐసు పెట్టె‌లో అదే రోజు చేర్చాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ పరీక్షలు చేస్తారు.

నైట్రేట్ గురించి ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఫామ్ ప్లాట్ల వెంచర్లలో దాన్ని మనమే పుట్టిస్తున్నాం. మరుగుదొడ్డి ఇంకుడు గుంతకూ తాగునీటి బోరుకూ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగులు ఉండాలన్నది ప్రమాణం. రెండు గుంటల ప్లాటు 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు. అందులో ఒక మూల బోరు, ఎదురు మూల గుంత పెడితే మీ లెక్క కుదిరినట్టుంటుంది. కానీ మీ బోరు పక్కనే గోడకవతల పొరుగువాళ్ల గుంత ఉంటుంది. వెనక ప్లాటు వాళ్లది ఇంకోటి. వంద ప్లాట్లు నిండితే ఆ వెంచర్ మొత్తం తన మురుగునే తోడుకుని తాగుతుంది. ఊళ్లో ఇదే సమస్య ఉన్నా తాగడానికి నల్లా నీళ్లుంటాయి. ఒక ఎకరానికి తక్కువైతే పొలంలో బోరు నీళ్ల మీద ఆధారపడి కాపురం పెట్టవద్దని నేను గట్టిగా చెప్తాను.

చెరువు ఎటు ఉందో చూడండి. కట్ట కింద ఆయకట్టులో బోర్లు బాగా పోస్తాయి, తేమా దోమలూ ఎక్కువ. కట్ట లోపలి వైపు శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, అక్కడ కొనడం మాట అటుంచి నిలబడి బేరం కూడా ఆడకండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు బఫర్, అక్కడ ఏమీ కట్టకూడదు. చెరువు ఎండిన ఏడాదిలో ఇవేమీ కంటికి కనబడవు. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాల వరస ఉంటుంది, 2020 అక్టోబరు వానల తర్వాతి చిత్రం తీసి చూడండి. మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి (అలుగు) దూకితే నీళ్లు ఏ దారిన కింది చెరువుకు పోతాయో ఊళ్లో ముసలాయన్ని అడిగితే చేత్తో చూపిస్తాడు. ఆ దారి ఇప్పుడు కలుపు మొక్కల పల్లంలా కనిపించవచ్చు. దాన్ని చదును చేసి ప్లాట్లు వేసినచోట ఇల్లు కొంటే నీళ్లు ఒకనాడు తమ దారి వెతుక్కుంటూ వస్తాయి.

గాలి సంగతి క్లుప్తంగా. కోళ్ల ఫారం, క్రషర్, ఇటుక బట్టీ, రసాయన ఫ్యాక్టరీ ఎక్కడున్నాయో మ్యాపులో గుర్తు పెట్టుకుని, గాలి ఎటు వీస్తుందో చూడాలి. వానాకాలంలో పడమటి గాలి, చలికాలంలో తూర్పు గాలి. ఒక్క కాలంలో చూసి తేల్చుకుంటే సగమే చూసినట్టు. కోళ్ల ఫారం వాసనకు అలవాటు పడొచ్చేమో కానీ తొలకరి తర్వాత ఈగలకు పడలేం. అన్నం గిన్నె మూత తీయలేరు. పటాన్‌చెరు, బొల్లారం, చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీల దగ్గర బావుల నీళ్లను ప్రత్యేకంగా పరీక్షించాలి. నగరం దాటాక మూసీ మురుగు పారే ఊళ్లలో చవగ్గా వస్తుందని తీసుకోవద్దు. పైన హైటెన్షన్ లైను పోతుంటే 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల వెడల్పు వదిలేయాలి, ఆ మేరకు స్థలం లేనట్టే లెక్క.

కోతుల గురించి నగరం వాళ్లెవరూ అడగరు. అడగాలి. తెలంగాణ పల్లెల్లో పెరట్లో టమాటా, మొక్కజొన్న, జామ వేసుకునే ఆశను కోతులు ఏనాడో తీసేశాయి. చాలాచోట్ల రైతులు పల్లి, కూరగాయలు మానేసి పత్తికి మళ్లడానికి అవీ అడవి పందులూ ఒక కారణం. పెంకుటిల్లైతే పెంకులు మిగలవు. ఊళ్లో పెరటి చెట్లకు కాయలు కనబడుతున్నాయా లేదా అన్నది చూస్తే జవాబు దొరుకుతుంది.

ఇప్పుడు భూమి. అద్దెకో కొన్న ఇంట్లోనో స్థిరపడ్డాక, పక్కన ఒక ఎకరం కావాలనిపిస్తే చూడాల్సినవి ఇవి. తెలంగాణలో వ్యవసాయ భూమి రైతు కానివాళ్లు కూడా కొనొచ్చు. కానీ పాసుపుస్తకం ఉందంటే హక్కు తేలినట్టు కాదు. ఆ భూమి మొదట ఏమిటి? ప్రభుత్వం పేదలకు ఇచ్చిన లావణి పట్టా అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు. ఇనాం, సీలింగ్, వక్ఫ్, దేవాదాయ, భూదాన్ భూములు నగరం చుట్టూ విస్తారంగా ఉన్నాయి. 1951లో పోచంపల్లిలో మొదలైన భూదానం కింద ఇచ్చిన భూములను ఇప్పటికీ అమ్మజూపేవాళ్లున్నారు. రక్షిత కౌలుదారునే యజమానిని చేసే 38-ఇ పత్రం ఇచ్చిన సర్వే నంబరైతే పట్టాదారు సంతకం ఒక్కటే సరిపోదు. సేత్వార్ (మొదటి సర్వే నాటి రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అక్కణ్నుంచి ఇప్పటి దాకా పహాణీలు (ఏటా పట్టాదారు, సాగుదారు పేర్లు రాసే రికార్డు) వరసగా తీయించి పేరు ఎప్పుడు, ఎందుకు మారిందో చూడాలి. మధ్యలో కారణం రాయకుండా పేరు మారిన ఏడాది కనబడితే అక్కడే ఆగండి. 22-ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా వేరే చూడాలి.

ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం, తీసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ కార్యాలయానికి మారాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ రికార్డులో, తర్వాతివి ధరణిలో ఉన్నాయి. 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. రెండు చోట్లా తీయకపోతే మధ్యలో జరిగిన అమ్మకం కంటబడదు. సాదా బైనామా మీద, అంటే తెల్లకాగితం మీద, ఎప్పుడో కొని సాగు చేసుకుంటున్న రైతు ఉంటే అసలు ఏ రికార్డులోనూ కనిపించడు. దున్నుతున్నది ఎవరని వెళ్లి చూడాల్సిందే. ఆడపిల్లల సంతకాలూ అడగండి. ఉమ్మడి ఆస్తిలో వాళ్లకు వాటా ఉమ్మడి రాష్ట్రంలో 1985లోనే మొదలైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. "చెల్లెళ్లు ఏమీ అనరు" అన్న మాట దస్తావేజు కాదు.

సర్వే నంబరు పక్కన అ, ఆ, ఇ అని ఉంటే, ఆ ముక్క నక్షలో (ఊరి భూముల పటంలో) విడిగా గీసి ఉందా అని అడగండి. చాలాచోట్ల కాగితం మీద భాగాలు ఉంటాయి, నేల మీద గెట్టు ఉండదు. టిప్పన్ (సర్వే కొలతల పటం) పెట్టి, పొరుగు రైతులకు నోటీసిచ్చి, వాళ్ల ముందే కొలిపించి హద్దు రాళ్లు పాతాకే డబ్బు ముట్టజెప్పాలి. బాట కూడా అంతే. ఇవాళ కారు పోతున్నది పక్క రైతు మంచితనం వల్లనైతే, రేపు ఆయన కొడుకు అమ్ముకున్నాక కంచె పడుతుంది. నక్షలో బండ్ల బాట ఉందా, లేకపోతే దారి హక్కు దస్తావేజులో రాసిచ్చారా అన్నది చూడాలి. గుంటల్లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లలో లోపలి రోడ్లు రికార్డులో ఇంకా అమ్మినవాడి పేరనే ఉంటాయి. లేఅవుట్‌కు అనుమతిచ్చే అధికారం గ్రామ పంచాయతీకి లేదు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా వెంచర్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు ఉండాలి. రీజినల్ రింగ్ రోడ్డు వెళ్లే మండలాల్లోనైతే ఆ సర్వే నంబరు జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ, 3డీ భూసేకరణ నోటిఫికేషన్లలో ఉందేమో చూడాలి. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు జంట జలాశయాల రక్షణకు కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవోలోని 84 గ్రామాల జాబితా కూడా.

ఇంత ఉంది కాబట్టే ముందు అద్దెకు ఉండమంటున్నాను. ఊళ్లలో తాళాలు వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి, వాటి యజమానులు కూకట్‌పల్లిలోనో ఎల్బీనగర్‌లోనో ఉంటారు. బోర్డులు పెట్టరు. పంచాయతీ కార్యదర్శినో కిరాణా కొట్టు ఆమెనో అడిగితే ఫోన్ నంబరు దొరుకుతుంది. అద్దె తక్కువే, కానీ బాత్రూం లోపలుండదు, వైరింగ్ పాతది. మరమ్మతుల ఖర్చును అద్దెలో మినహాయించుకుంటామని రాయించుకుని పదకొండు నెలల ఒప్పందం చేసుకోండి. ఉగాదికి చేరితే వరస కుదురుతుంది. రోహిణిలో బోరు, మృగశిర చినుకులకు ఏ సందులో నీళ్లు నిలుస్తాయో, మఖలో ఈగలు, జ్వరాలు, చెరువు మత్తడి, కోతల తర్వాత కొయ్యకాళ్లు కాల్చిన పొగ, యాసంగిలో వోల్టేజీ, అన్నీ ఒక నోటుబుక్కులో తేదీతో సహా రాసుకోవచ్చు. అప్పటికి ఏ గెట్టు మీద ఎవరెవరికి తగాదా ఉందో, ఏ అన్నదమ్ములు పంచుకోలేదో కొట్టు అరుగు మీదే చెవిన పడి ఉంటుంది. పహాణీ నకళ్ల కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సింది అప్పుడు.